మూడో పెన్సిల్

చీకటి పడ్డాక ఆ తొట్టి దగ్గరికి ఎవరూ వెళ్ళరు.

ఊరి చివర మూతబడ్డ నీళ్ళ ప్లాంటు ఉంది. కొత్త పైపులు వచ్చాక దాన్ని వదిలేశారు. అందులో గుండ్రటి తొట్టి ఒకటి. ఇల్లంత వెడల్పు, రెండు నిలువుల లోతు, దిగడానికి ఇనప మెట్లు. ఇప్పుడు చుక్క నీళ్ళు లేవు. అడుగున సిమెంటు, ఎండాకులు. ఒకప్పుడు కడగడానికి దిగిన మనిషి పైకి రాలేదని పాత కథ. అది నాకు సరిగ్గా తెలియదు.

కొత్త కథ తెలుసు.

రాత్రిపూట ఆ తొట్టి అడుగున ఎవరో రాస్తుంటారట. మనిషి కనపడడు. పెన్సిల్ చప్పుడు మాత్రం వస్తుంది. గర్... గర్... కాసేపు ఆగుతుంది. మళ్ళీ — గర్... గర్...

ప్లాంటు కాపలా మనిషి విన్నాడు. రోడ్డు పక్కన లారీ ఆపుకుని పడుకున్న డ్రైవరు విన్నాడు. అది ఎవరి పేరు రాస్తే వాళ్ళు ఏడాది తిరక్కుండా పోతారని కూడా అంటున్నారు.

మందుల కోసం మా షాపుకి వచ్చినవాళ్ళే నాకీ కథ చెప్పారు. నేనెవరో తెలియక చెప్పారు. మాత్రలు కవర్లో వేసి ఇచ్చాను. రోజుకి రెండు, తిన్నాక వేసుకోండి అన్నాను.

ఆ రాసేది మా ఆయనేనని వాళ్ళకి తెలియదు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. మొదటి సగం నేను చూడలేదు. మా అమ్మాయి చెప్పింది, లెక్కల మాస్టారు చెప్పారు.

మా ఆయన బస్సు కండక్టరు. ఏడాదికి నాలుగైదు రాత్రులు రాలే చుక్కల్ని లెక్కపెట్టడానికి వెళ్ళేవారు. ఇదేం పిచ్చండీ అని పెళ్ళైన కొత్తలో అడిగాను.

"ఎక్కేవాళ్ళని లెక్కపెడతాను, దిగేవాళ్ళని లెక్కపెడతాను. పైనుంచి దిగేవాళ్ళని ఎవరు లెక్కపెడతారే?" అన్నారు.

ఉత్త లెక్క కాదది. రాలిన ప్రతిదానికీ ఎంత వెలుగో అంకె వెయ్యాలి. పక్కనే కదలకుండా ఉన్న నక్షత్రంతో పోల్చుకోవాలి. ధ్రువ నక్షత్రమంత ఉంటే రెండు. ఇంకా వెలిగితే ఒకటి. ఇంకా వెలిగితే సున్నా. కళ్ళు చెదిరితే మైనస్. మసగ్గా ఉంటే నాలుగు, ఐదు. "పరీక్షలో సున్నా తెచ్చుకున్నవాడే ఇక్కడ ఫస్టు" అని మా అమ్మాయిని నవ్వించేవారు.

అంకె రాయడానికి కళ్ళు దించకూడదు. దించినంతసేపట్లో ఒకటి రాలిపోతుంది. అందుకని టికెట్ మిషన్లో వేసే కాగితం చుట్టని గుండె మీద పెట్టుకుని, పైకి చూస్తూనే చీకట్లో రాసేవారు. కుదుపుల్లో నిలబడి రాసిన చెయ్యి కదా. రాత ఆగేది కాదు గానీ అంకె మీద అంకె పడేది. వరసలు కిందికి జారిపోయేవి. పొద్దున్నే చూసుకుంటే ఆయనకే అర్థమయ్యేది కాదు.

నాకు అర్థమయ్యేది. ఇరవయ్యేళ్ళుగా డాక్టర్ల చీటీలు చదువుతున్నాను. "మా ఇంట్లో కాంపౌండరు ఉంది మాస్టారూ" అని గొప్పలు పోయేవారు. ఆయన నిద్రపోతుంటే నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ చుట్ట విప్పుకుంటూ, మాస్టారిచ్చే ఫారంలోకి శుభ్రంగా ఎక్కించేదాన్ని. ఒక్క ఉల్కనీ చూడకుండా పద్దెనిమిదేళ్ళు ఎక్కించాను.

తొట్టిని ఎంచుకున్నది ఆయనే. దాని గోడలు ఊరి దీపాల్ని అడ్డుకుంటాయి. దెయ్యం ఉందంటారు కాబట్టి టార్చిలైట్లు వేసుకుని తిరిగేవాళ్ళు ఉండరు. "దెయ్యమున్న చోట చీకటి మంచి క్వాలిటీగా ఉంటుందే" అనేవారు.

ముగ్గురు వెళ్ళేవారు. ఈయన, మా అమ్మాయి, లెక్కల మాస్టారు. మా అమ్మాయికి ఇరవై మూడు. కంటి ఆస్పత్రిలో గోడ మీది అక్షరాలు చదివించే ఉద్యోగం. మాస్టారు రిటైరయ్యారు. అందరి లెక్కలూ కలిపి ఉల్కల సంఘానికి పంపేది ఆయనే.

ముగ్గురూ ఫ్యానుకి మూడు రెక్కల్లా పడుకునేవారు. తలలు మధ్యలోకి, కాళ్ళు గోడవైపుకి. ఒక్కొక్కరిది ఒక్కో దిక్కు. తలకీ తలకీ మధ్య రెండు గజాలు.

ఒక నియమం ఉంది. మాట్లాడకూడదు.

ఒకళ్ళు "అదిగో" అంటే రెండోవాళ్ళ కన్ను అటు తిరుగుతుంది. తాను చూడనిది చూసినట్టు రాసేస్తారు. లెక్క పాడైపోతుంది. మాస్టారి చేతి గడియారం అరగంటకోసారి కీచుమంటుంది. అప్పుడు అందరూ చూడకుండానే కాగితం మీద ఒక అడ్డగీత గీస్తారు. పొద్దున్నే గీతలు లెక్కపెట్టుకుంటే ఏది ఎప్పుడు రాలిందో తెలుస్తుంది. అంతే. అది తప్ప మాట ఉండదు, పలుకు ఉండదు.

ఆ నియమం మా అమ్మాయికి నేర్పింది ఆయనే. చిన్నప్పుడు తొట్టిలో పడుకుని కబుర్లు చెబుతుంటే వేలు పెదాల మీద పెట్టి "ష్" అనేవారట.

పోయిన ఏడాది. పదకొండింటికి మొదలుపెట్టారు. మబ్బు లేదు. బాగా రాలుతున్నాయి.

ఒకటిన్నరకి గడియారం మోగింది. అది ఐదో గీత.

ఆ తర్వాత కాసేపటికి ఆయన మెల్లగా — "తల్లీ..." అన్నారు.

మా అమ్మాయి పైకి చూస్తూనే ఉంది. చూపు దించలేదు. "ష్..." అంది. తండ్రికి తండ్రి నియమమే గుర్తు చేస్తున్నానని నవ్వుకుంది కూడా.

ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

ఆ తర్వాత మూడు గంటలు ముగ్గురి పెన్సిళ్ళూ వినపడుతూనే ఉన్నాయి. అది మా అమ్మాయి ఒట్టేసి చెప్పింది. మాస్టారు కూడా అదే అన్నారు. తనది, మాస్టారిది, నాన్నది. గర్... గర్... కాసేపు ఆగి, మళ్ళీ. నాన్నకి బాగా పడుతున్నాయి అనుకుందట.

నాలుగున్నరకి పదకొండో గీత. తూర్పు తెల్లబడింది. మాస్టారు లేచి నడుం విరుచుకుని "ఇక చాలు కండక్టరు గారూ, రైట్ రైట్" అన్నారు.

ఆయన లేవలేదు.

చొక్కా మంచుకి తడిసిపోయి ఉంది. చెయ్యి పట్టుకుని లాగబోయింది మా అమ్మాయి. చెయ్యి వంగలేదు.

డాక్టరు చెప్పింది నాకు బాగా గుర్తు. గుండె, అన్నాడు. రెండు లోపే పోయి ఉంటారు, అన్నాడు. రెండు దాటి ఉండదు.

మూడు గంటలు. పక్కనే.

ఆస్పత్రివాళ్ళు ఒక కవర్లో వాచీ, కళ్ళజోడు, కాగితం చుట్ట పెట్టి ఇచ్చారు. వంటింటి సొరుగులో పెట్టాను. తియ్యలేదు.

ఆ రోజు తొట్టిలోకి పోలీసులతోపాటు కాపలా మనిషి కూడా దిగాడు. మా అమ్మాయీ మాస్టారూ చెప్పుకున్నది విన్నాడు. చచ్చినవాడు తెల్లారేదాకా రాస్తూనే ఉన్నాడట — అని ఊళ్ళో పడింది మాట.

మా ఇంట్లో మాత్రం మాటే పడలేదు. ఏడాదిపాటు.

మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్ళేది, వచ్చేది. వంటింట్లో నిలబడే తినేది. కూర్చోవే అంటే కూర్చునేది కాదు. రాత్రి రెండింటికి లేచి హాల్లో తిరిగేది. నేను పడుకుని ఆ అడుగులు వినేదాన్ని. లేచి పలకరించేదాన్ని కాదు. ఏం చెప్పను? నాలో ఏదీ కదిలేది కాదు. చీటీ చదవడం, మాత్ర కత్తిరించడం, కవర్ మీద రాయడం. మళ్ళీ చీటీ.

ఒక్కసారి మాత్రం అది నోరు తెరిచింది. గిన్నె కడుగుతూ, నావైపు తిరక్కుండా.

"నాన్న అప్పుడే పోతున్నాడేమో అమ్మా. నన్ను పిలిచాడేమో. నేను 'ష్' అన్నాను."

"పెన్సిల్ విన్నానన్నావుగా."

"విన్నాను."

"మరింకేం? తర్వాత కూడా రాస్తున్నారుగా. బాగుంటేనే కదా రాస్తారు."

"అవును" అంది. ఆ పెన్సిల్ చప్పుడుని పట్టుకునే బతుకుతోంది అది. డాక్టరు మాట తప్పు, చెవి మాట ఒప్పు — అంతే. ఆ ఒక్క గుంజ విరిగితే ఇల్లు కూలుతుంది. అది నాకు తెలుసు.

ఈ ఏడు చుక్కలు రాలే ఆ రోజులు దగ్గర పడ్డాక మాస్టారు వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు. మనిషి చిక్కిపోయారు.

"చెల్లెమ్మా, పోయిన ఏటి లెక్క ఇంకా పంపలేదు. ఆయన కాగితం లేకుండా ఎలా పంపను? నా వల్ల కావట్లేదు."

మా అమ్మాయి లోపల్నించే అంది — "ఈసారి ఎప్పుడు మాస్టారూ? నేనొస్తాను."

"వద్దమ్మా, నేనొక్కణ్ణే..."

"వస్తాను."

"నేనూ వస్తాను" అన్నాను.

మా అమ్మాయి బయటికి వచ్చి నా మొహం చూసింది. "నువ్వు మాట్లాడకుండా ఉండలేవమ్మా."

"ఈ ఏడాదంతా నేను మాట్లాడిందెంతే?"

అది దానికి నవ్వు తెప్పించిందేమో. పెదవి కొంచెం కదిలింది.

వెళ్ళాం. కాపలా మనిషి గేటు తీశాడు గానీ లోపలికి రాలేదు. "అమ్మా, మీరు కూడానా..." అని ఆగిపోయాడు.

ఇనప మెట్లు చల్లగా ఉన్నాయి. పదిహేడు. దిగుతూ లెక్కపెట్టాను.

మాస్టారు తన దిక్కున పడుకున్నారు, మా అమ్మాయి తన దిక్కున. మూడో రెక్క ఖాళీ. నేనే వెళ్ళి అక్కడ దుప్పటి పరుచుకున్నాను. మాస్టారు నా చేతిలో ఒక కాగితం చుట్టా పెన్సిలూ పెట్టారు. "రాయకపోయినా పట్టుకోండి చెల్లెమ్మా" అన్నారు. గుండె మీద పెట్టుకున్నాను. ఆయన పెట్టుకునే చోట.

టార్చి ఆరింది.

ఇంత చీకటి నేనెప్పుడూ చూడలేదు. మెల్లగా పైన ఒక గుండ్రటి ఆకాశం తేలింది. బావి అడుగునుంచి చూసినట్టు. ఒకటి రాలింది — సర్రున. నేను ఊపిరి బిగబట్టాను. ఎక్కడో పెన్సిల్ కదిలింది. గర్.

ఇదా, అనుకున్నాను. దీనికోసమా.

ఎంతసేపు గడిచిందో. గడియారం రెండుసార్లు కీచుమంది. ఎడమవైపు మా అమ్మాయి పెన్సిల్. కుడివైపు మాస్టారిది. చెవికి అలవాటయ్యాయి.

అప్పుడు విన్నాను.

మూడోది.

నా పక్కనే. దాదాపు చెవి పక్కన. గర్... గర్... ఆగింది. మళ్ళీ — గర్...

తల తిప్పలేదు. తిప్పలేకపోయాను. రక్తం చల్లబడిపోవడమంటారే, అది కూడా కాదు. నాలో ఏడాదిగా చల్లగానే ఉంది. ఒక్కటే అనుకున్నాను — ఉన్నారా? ఇంకా రాస్తున్నారా?

చెయ్యి మెల్లగా పక్కకి జరిపాను. సిమెంటు. ఎవరూ లేరు.

గర్... గర్...

"అమ్మా..."

మా అమ్మాయి గొంతు. గుసగుస. నియమం మొదటిసారి తప్పింది అది.

"అమ్మా, నువ్వు రాస్తున్నావా?"

"లేదే."

దుప్పటి మీద అది నావైపు తిరిగిన చప్పుడు.

"నాకు మూడు వినపడుతున్నాయి" అంది.

"నాకూ."

మాస్టారు లేచి కూర్చున్నట్టు తెలిసింది. టార్చి కోసం చీకట్లో తడుముకున్నారు. వెలిగింది. ఎర్ర కాగితం చుట్టిన వెలుగు నా మీద పడి, మెల్లగా పక్కకి జరిగి... అక్కడ ఆగింది.

నా గుండె మీది చుట్ట కొంత విడిపోయి ఉంది. దాని కొస దుప్పటి దాటి సిమెంటు మీదికి వేలాడుతోంది. గాలి తొట్టిలోకి దిగి గోడ చుట్టూ తిరుగుతోంది. వచ్చినప్పుడల్లా ఆ కొస సిమెంటుకి రాసుకుంటోంది.

గర్... గర్...

గాలి ఆగితే ఆగుతోంది.

మాస్టారు గట్టిగా ఊపిరి వదిలారు. "కాగితమమ్మా! ఒట్టి కాగితం! ఏడాదిగా ఊరంతా ఇలా ఎండాకులు రాసుకుంటేనే కాబోలు భయపడి చచ్చింది..." నవ్వబోయారు.

మా అమ్మాయి నవ్వలేదు.

ఆ ఎర్ర వెలుగులో దాని మొహం చూశాను. కాగితం కొసనే చూస్తోంది. దాని కళ్ళలో ఏం విరుగుతోందో నాకు కనపడింది.

"అయితే ఆ రోజు కూడా ఇదే" అంది.

మాస్టారి నవ్వు ఆగిపోయింది.

"నాన్న రాయలేదు. ఇదే రాసింది. నేను 'ష్' అన్నప్పుడే..."

"తల్లీ, అలా కాదు—" అన్నారు మాస్టారు. ఆ పిలుపు విని అది రెండు చెవులూ మూసుకుంది.

ఇంటికి ఎలా వచ్చామో చెప్పలేను. తెల్లారుతోంది. అది వంటింట్లో సింకు పట్టుకుని నిలబడింది, నాకు వీపు పెట్టి. నేను బల్ల దగ్గర. దాని భుజాలు చూసి భయం వేసింది. ఏడుస్తుంటే భయం వేసేది కాదు. ఏడవట్లేదు.

"సొరుగు తియ్యమ్మా" అంది. "నీకొక్కదానికే వస్తుంది ఆ రాత. చదువు. ఎక్కడ ఆగిపోయిందో చెప్పు."

"నువ్వు చూస్తావా?"

"చూడలేను. చదువు."

సొరుగు తీశాను. కవరు. మంచుకి తడిసి ఎండిన కాగితం గట్టిపడి ఉంది. విప్పుతుంటే చిటపటమంది. అదే రాత. అంకె మీద అంకె, జారిపోయే వరసలు. అలవాటుగా ఫారం తీసుకున్నాను. అలవాటుగా పెన్ను పట్టుకున్నాను. చదువుతూ రాయడం మొదలుపెట్టాను.

"మూడు. రెండున్నర. నాలుగు. రెండు..."

మొదటి గీత. రెండో గీత. మూడు. నాలుగు.

ఐదో గీత.

"ఐదు వచ్చిందా?" అంది.

"వచ్చింది. ఒకటిన్నర. మూడు..."

"ఆరో గీత ఉందా అమ్మా?"

దాని వేళ్ళు సింకు అంచు మీద తెల్లగా అయిపోయాయి.

"ఉంది" అన్నాను.

ఊపిరి తీసుకున్న చప్పుడు వినపడింది.

"ఏడు?"

"ఉండు, వరసగా చెప్పనీ. రెండు. నాలుగున్నర. మూడు. మూడు. ఒకటి. ఇదుగో ఏడో గీత."

చెబుతూనే ఉన్నాను. రాస్తూనే ఉన్నాను. ఎనిమిదో గీత దాటాక, "ఇక్కడొకటి పెద్దది" అన్నాను. "మైనస్ మూడు. దాని వెనక పొగ నాలుగు సెకన్లు నిలిచింది."

"మైనస్ మూడా?" అని నావైపు తిరిగింది. ఏడాదిలో దాని గొంతులో అంత ప్రాణం వినలేదు. "నాకు పడలేదే అది! నా వెనకవైపు అయ్యుంటుంది."

"అయ్యుంటుంది." తొమ్మిదో గీత. "రెండు. మూడున్నర. సున్నా. నాలుగు..."

పది. పదకొండు.

ఆపేశాను. అది వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చుంది. కూర్చుంది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. అయితే కోపం రాలేదన్నమాట అమ్మా, ఊరికే పిలిచాడన్నమాట, తర్వాత హాయిగా చూసుకున్నాడన్నమాట — అని అదే మాట. తల నిమిరాను. డాక్టర్లకేం తెలుసే, చీటీ కూడా సరిగ్గా రాయలేరు, అన్నాను. ఏడుస్తూనే నవ్వింది. పాలు కాచి ఇస్తే తాగి, సాయంత్రం దాకా నిద్రపోయింది.

అది నిద్రపోయాక స్టవ్ వెలిగించి ఆ చుట్టని కాల్చేశాను.

ఐదో గీత తర్వాత అందులో రెండే అంకెలున్నాయి. ఒకటిన్నర. మూడు. ఆ తర్వాత ఒక అంకె మొదలై, సగంలో పెన్సిల్ కాగితం అంచుదాకా జారిపోయింది.

ఆపైన కాగితం ఖాళీ.

ఆరో గీత లేదు. ఏదీ లేదు. నేను చెప్పినవన్నీ నేను కల్పించినవే. పద్దెనిమిదేళ్ళు ఎక్కించాను. ఎక్కువగా రెండు, మూడు, నాలుగు వస్తాయని తెలుసు. ఎక్కడో ఒకటి పెద్దది పడుతుందని తెలుసు. తెల్లారుజామున ఎక్కువ పడతాయని తెలుసు. నోటికి ఏది వస్తే అది అన్నాను. చేతికి ఏది వస్తే అది రాశాను.

తప్పేమో. నాకు తప్పనిపించలేదు. ఏమీ అనిపించలేదు.

మర్నాడు మాస్టారు వచ్చి ఫారం పట్టుకెళ్ళారు. ఇస్తున్నప్పుడు ఒక్క క్షణం వదల్లేకపోయాను. లెక్క పాడు చేస్తున్నానని. అదొక్కటే మా ఆయన సహించేవారు కాదు.

మూడో రోజు సాయంత్రం మాస్టారు మళ్ళీ వచ్చారు. ఈసారి గుమ్మంలో నిలబడలేదు. లోపలికి వచ్చి కూర్చుని, ఫారం పక్కన తన కాగితం చుట్ట విప్పి పెట్టారు.

పట్టుబడిపోయాను అనుకున్నాను. మా అమ్మాయి వంటింట్లో రొట్టెలు కాలుస్తోంది. దాని ముందు అడగకపోతే చాలు అనుకున్నాను.

"చెల్లెమ్మా, ఇది చూడండి" అన్నారు. గొంతు తగ్గించారు. "ఎనిమిదో గీత తర్వాత. మైనస్ మూడు. పొగ నాలుగు సెకన్లు. నాదీ చూడండి."

ఆయన వేలు పెట్టిన చోట చూశాను. ఎనిమిదో గీత. దాని కింద — మైనస్ మూడు. పొగ. నాలుగు.

"ఇద్దరం పట్టాం దాన్ని!" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. "నా దిక్కుకీ ఆయన దిక్కుకీ మధ్య పడిందది. ఆ డాక్టరు మాట నమ్మి ఏడాది నిద్రపోలేదమ్మా నేను. పక్కనే పోతుంటే చుక్కలు చూశానని..."

ఆ చుట్ట నేను అంతకుముందు చూడలేదు. ఏడాదిగా అది ఆయన బీరువాలో ఉంది. మా అమ్మాయి ఆ ఉల్కని చూడలేదు. నాకెవరూ చెప్పలేదు.

ఒకటి కలిసిందిలే, అనుకున్నాను. ఏదో ఒకటి కలుస్తుంది.

"మిగతావీ దగ్గరగానే ఉన్నాయి" అన్నారు మాస్టారు. "నేను చూడని మసకవి చాలా పట్టారనుకోండి, అది మామూలే. కానీ ఒకటి మాత్రం... తొమ్మిదో గీత తర్వాత సున్నా వేశారు. అంత వెలుగున్నది నాకు పడకుండా ఎలా పోయిందో. నా దగ్గర లేదు, అమ్మాయి కాగితంలోనూ లేదు."

"అది నేను చూశాను."

ఇద్దరం తలెత్తాం. మా అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"చూసి రాయలేదేమ్మా?" అన్నారు మాస్టారు.

"నా దిక్కు కాదు. తిరిగి చూసినప్పుడు కనపడింది రాయకూడదు కదా." చేతిలో గుడ్డని మెలిపెడుతోంది. "తొమ్మిదో గీత దాటాక ఒక్కసారి తల తిప్పి చూశాను. 'ష్' అన్నానని నాన్నకి కోపం వచ్చిందేమోనని. ఎవరికీ చెప్పలేదు. కళ్ళు దించానంటే మీరు తిడతారని."

"ఎంతసేపు చూశావు?" అని అడిగాను.

"ఒక్క క్షణం. కదలకుండా పైకి చూస్తున్నాడు. అప్పుడే ఆయన మొహానికి సరిగ్గా పైన రాలింది. తెల్లగా... నేను మనసులో సున్నా అనుకున్నాను." దాని మొహం విచ్చుకుంది. ఏడాది తర్వాత మా పిల్ల మొహం. "నేను చూసినప్పుడే నాన్నా చూశాడన్నమాట! ఇద్దరం ఒకేసారి, ఒకటే అంకె వేశాం. కదమ్మా?"

మూడున్నర దాటాక. అప్పటికి ఆయన పోయి గంటన్నర.

వాళ్ళిద్దరూ నావైపే చూస్తున్నారు.

"అవునే" అన్నాను.